సర్క్యూట్ బోర్డునకు ఏ పరీక్ష తగును?

గుడియాత్తములో అగ్గిపెట్టెల పనియు, లుంగీల నేతయు ఎరుగని బాలబాలికలుండరు. నేటి పాఠమును ఈ రెండు పనులనుండియే ఆరంభింతము. ఒక అగ్గిపుల్ల మంచిదో కాదో తెలిసికొనవలెనన్నచో దానిని గీచి చూడవలెను. వెలిగినచో అది మంచిపుల్ల. కాని ఆ మంచిపుల్ల ఇక మనకు లేదు. కావున ప్రతి పుల్లను పరీక్షించుట అసాధ్యము. కొన్నిటిని గీచి, తక్కినవానిని గూర్చి ఊహింపవలసినదే. నేతపని తీరు వేరు. పడుగులో ఒక పోగు తెగినచో, కనిపెట్టిన వెంటనే మగ్గముమీదనే దానిని అతుకవచ్చును. చూడక నేసికొనిపోయినచో ఆ లోపము మూరలకొలది సాగి, గుడ్డను మడతపెట్టునపుడు బయటపడును. అప్పుడు చేయగలిగినది లేదు. ధర తగ్గించి అమ్ముకొనుటయే. పరీక్ష ఎప్పుడు జరుపవలెను, ఎన్నిటికి జరుపవలెను, దానివలన వస్తువునకు హాని కలుగునా అను ప్రశ్నలు ఈ రెండు పనులలోను దాగియున్నవి. మన ప్రాంతమునకు చేరువలో జరుగుచున్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల కూర్పులోను ఇవే ప్రశ్నలు తలయెత్తును.

వేలూరునుండి చెన్నైకి పోవు రహదారిమీదనే శ్రీపెరుంబుదూరు కలదు. అచ్చట 2006లో పని ప్రారంభించిన నోకియా ఫోనుల కర్మాగారము 2014లో మూతపడినను, ఎలక్ట్రానిక్ వస్తువులను కూర్చు ఇతర కర్మాగారములు ఆ పరిసరములలో నడచుచున్నవి. ఆంధ్రప్రదేశపు సరిహద్దు దాటిన వెంటనే, తడ సమీపమున, శ్రీసిటీ కలదు; అచ్చటను 2015లో సెల్‌ఫోనుల కూర్పు మొదలైనది. పదవ తరగతి ముగించి, ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్కులోనో చదివి, ఇట్టి చోట్ల చేరు మన పిల్లలలో కొందరికి బోర్డులను పరీక్షించు బల్లయొద్ద పని దొరకును. “మీట నొక్కి, పచ్చదీపము వచ్చినదో ఎఱ్ఱదీపము వచ్చినదో చూచుటయే గదా! దానికి చదువేల?” అని అడుగు తల్లిదండ్రులు కలరు. పచ్చదీపము దేనికి హామీ యిచ్చుచున్నదో, దేనికి ఇచ్చుట లేదో తెలిసికొనుటకే చదువు కావలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ సంగతియే.

ముందు బోర్డు సంగతి. పాత రేడియోను విప్పి చూచినవారికి అది పరిచితమే. బిరుసైన పలకమీద సన్నని రాగిదారులు, వానిపై రెసిస్టరులు, కెపాసిటరులు, డయోడులు, చిప్పులు ఉండును. నేటి కర్మాగారములో మొదట చిల్లులుగల పలుచని ఉక్కురేకును బోర్డుపై పరచి, సోల్డరు ముద్దను ఆ చిల్లులగుండ పూయుదురు. తరువాత యంత్రము ఒక్కొక్క భాగమును తీసి తగిన చోట ఉంచును. పిదప బోర్డు ఓవెనులోనికి పోవును. సీసములేని సోల్డరు సుమారు 217 డిగ్రీల సెంటీగ్రేడువద్ద కరగును. బోర్డు అంతకు కొంత పైగా వేడెక్కి, చల్లబడి, వెలుపలికి వచ్చుసరికి అతుకులన్నియు ఒక్కమారుగా గట్టిపడియుండును.

ఇందు తప్పులు ఎట్లు పుట్టును? ముద్ద తక్కువైనచో అతుకు పట్టదు. విద్యుత్తు దారి తెగును. ఎక్కువైనచో ప్రక్కప్రక్క కాళ్లు కలసిపోవును, అది షార్టు. చిన్న రెసిస్టరుయొక్క ఒక కొనవద్ద సోల్డరు ముందుగా కరగినచో, అది రెండవ కొనను పైకిలాగి నిలువబెట్టును. సమాధిరాయివలె నిలుచుటచే పరిశ్రమలో దానికి ఆ పేరే వచ్చినది. డయోడు తలక్రిందుగా పడవచ్చును. 10,000 ఓముల రెసిస్టరుల చుట్ట ఉండవలసిన చోట పనివాడు 1000 ఓముల చుట్టను తగిలించినచో, ఆ పూటకు వచ్చిన బోర్డులన్నియు తప్పే. మన ఒంటిమీది స్థిరవిద్యుత్తు తగిలి చిప్పు లోలోపల చెడిపోవచ్చును. వెలుపల చిన్న మచ్చయైనను కనబడదు.

“ఇన్ని తప్పులు నిజముగా జరుగునా?” అని సందేహించువారు ఈ లెక్క చేయుడు. ఒక బోర్డుమీద 500 అతుకులున్నవనుకొందము. పనితనము చాల గొప్పది. 10,000 అతుకులకు ఒక్కటి మాత్రమే చెడును. అట్టి 100 బోర్డులలో మొత్తము 50,000 అతుకులుండును. అందు 5 చెడును. అనగా 100 బోర్డులలో దాదాపు 5 చెడ్డవి. అతుకును చూచినచో పనితనము దోషరహితమనిపించును. బోర్డును చూచినచో ఇరువదింట ఒకటి పనికిరానిది. పరీక్ష లేనిదే సాగని కారణమిదియే.

పరీక్షలలో మొదటిది చూపు. పూర్వము భూతద్దముతో మనుష్యులే చూచెడివారు. ఇప్పుడు కెమెరాలు పలు కోణములనుండి, పలు రంగుల కాంతిలో, బోర్డును చిత్రించి మేలుబోర్డుతో పోల్చును. లేని భాగము, వంకరైన భాగము, తలక్రిందైన డయోడు, కలసిపోయిన కాళ్లు దీనికి చిక్కును. కాని చూపు పైకి కనబడుదానినే చెప్పును. ఆవగింజంత కెపాసిటరులమీద విలువ వ్రాసియుండదు; అది తప్పు విలువదైనను కెమెరాకు ఒప్పుగనే కనబడును. లోపల చచ్చిన చిప్పును అంతే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కెమెరా నిబంధనలను మిక్కిలి బిగించినచో అది మంచి అతుకులనుగూడ చెడ్డవని చూపుచుండును. అట్టివానిని చూచి “మంచిదే” అని మీట నొక్కుటకు ఒక మనిషిని కూర్చుండబెట్టుదురు. గంటల తరబడి మంచివానికే మీట నొక్కిన చేయి, నిజముగా చెడ్డది వచ్చినపుడును అలవాటుగా నొక్కివేయును. “నాన్నా, పులి!” అని వట్టిగా అరచిన పిల్లవాని కథ మీరెరిగినదే. కావున పరీక్షను ఎన్నుకొనునపుడు అది ఎన్ని తప్పులను పట్టునన్నదే గాక, ఎన్ని ఒప్పులను తప్పులనునన్నదియు విచారింపవలెను. ఈ రెండవ ప్రశ్నను కొనుగోలువేళ తగినంతగా అడుగుట లేదని మా అభిప్రాయము.

రెండవది కొలత. బోర్డుమీది ముఖ్యమైన కూడళ్లకు ఎదురుగా, వందలకొలది స్ప్రింగు సూదులను ఒక పీటలో నిలువుగా అమర్చి, వానిమీద బోర్డును పరుండబెట్టి అదుముదురు. దీనిని పరిశ్రమలో బెడ్ ఆఫ్ నెయిల్స్ అందురు. అంపశయ్య అనినచో మనకు ఇంకను సులభముగా బోధపడును. బాణములపై భీష్ముడు పవళించినట్లు బోర్డు సూదులపై పవళించును. యంత్రము ఏ రెండు సూదులమధ్యనైన ఒక్కొక్క భాగమును విడివిడిగా కొలిచి, కొద్ది క్షణములలో ఫలానా రెసిస్టరు తప్పని పేరుపెట్టి చెప్పును.

“భాగములన్నియు ఒకదానితో ఒకటి కలసియుండగా ఒక్కదానిని మాత్రమే కొలుచుట ఎట్లు?” అని పదవ తరగతివారు అడుగవలెను. క, గ అను రెండు బిందువులమధ్య 1000 ఓముల రెసిస్టరు ఉన్నదనుకొనుడు. అదే బిందువులమధ్య, చ అను బిందువు మీదుగా, మరియొక దారి కలదు. అందు క నుండి చ వరకు 600 ఓములు, చ నుండి గ వరకు 400 ఓములు. ఆ దారియు మొత్తము 1000 ఓములే. సమాంతర సంధానపు సూత్రము ప్రకారము మీటరు 500 ఓములు చూపును. మంచి రెసిస్టరు చెడ్డదనిపించుకొనును. దీనికి ఉపాయమేమనగా, క వద్ద కొంత వోల్టేజి ఉంచి, గ ను మీటరు తానే సున్న వోల్టులవద్ద నిలిపియుంచును. మూడవ సూదితో చ ను గూడ సున్న వోల్టులకు చేర్చుదురు. చ, గ రెండును ఒకే మట్టమున నుండుటచే వాని నడుమ విద్యుత్తు ప్రవహింపదు. క నుండి చ కు వచ్చిన విద్యుత్తు మూడవ సూదిగుండ తొలగిపోవునే గాని మీటరులోనికి రాదు. ఇక మీటరు చూచునది 1000 ఓముల రెసిస్టరులోని విద్యుత్తును మాత్రమే. మీరు పుస్తకములో చదివిన ఓము నియమమే ఇది. వేరు విద్య కాదు.

కాని అంపశయ్యకును అందని తప్పులు కలవు. చిప్పులకు విద్యుత్తునిచ్చు దారిమీద, 0.1 మైక్రోఫారడు కెపాసిటరులు పదింటిని సమాంతరముగా పెట్టుట సామాన్యము. మొత్తము 1 మైక్రోఫారడు. అందు ఒకటి లేకపోయినచో 0.9 ఉండును. ఐతే ఇట్టి కెపాసిటరుల విలువలో నూటికి పది హెచ్చుతగ్గులు సహజము, కావున 0.9 వచ్చినను యంత్రము ఒప్పనియే పలుకును. బోర్డు పనిచేయును గూడ, కొన్నాళ్లవరకు. లేని కెపాసిటరును కెమెరా ఒక్క చూపులో పట్టును! కెమెరాకు కనబడని తప్పు విలువను సూది పట్టును. సూదికి తెలియని వెలితిని కెమెరా పట్టును. “ఏది మేలైన పరీక్ష?” అని అడిగినచో సమాధానము రాదు, “ఏ తప్పునకు?” అని చేర్చినచో వచ్చును.

ఇక ఖర్చు. సూదులపీట ఒక్కొక్క నమూనా బోర్డునకు ప్రత్యేకముగా చేయింపవలెను. కొద్ది బోర్డులకైనచో అంత వ్యయము తగదని మరియొక పద్ధతి కనిపెట్టిరి. అందు పీట ఉండదు. నాలుగైదు సూదులే యంత్రముచే నడుపబడి బోర్డుమీద ఒక చోటనుండి మరియొక చోటికి గబగబ ఎగురుచు తాకి కొలుచును. దీనిని ఫ్లయింగ్ ప్రోబ్ అందురు. పీటతో కొద్ది క్షణములలో ముగియు పని దీనికి నిమిషములు పట్టును. లెక్క సులభమగుటకై కొన్ని అంకెలను ఊహించుకొందము. పీటకు 2,00,000 రూపాయలు, ఆపై బోర్డునకు 5 రూపాయలు. ఎగురుసూదులకు ముందుగా 20,000 రూపాయలు, ఆపై బోర్డునకు 65 రూపాయలు. ముందు ఖర్చులోని భేదము 1,80,000. బోర్డు ఒక్కంటికి భేదము 60. భాగించినచో 3000 వచ్చును. 3000 బోర్డులకు తక్కువైనచో ఎగురుసూదులు, ఎక్కువైనచో పీట లాభము. ఐతే 1000 బోర్డులు చేసిన పిమ్మట నమూనా మారినచో పీట వృథాయగును. కావున ఎన్ని బోర్డులని మాత్రమే అడిగిన చాలదు, ఈ నమూనా ఎంతకాలము నిలుచునని గూడ అడుగవలెను.

సూది తాకలేని చోట్లుగూడ నేడు మిక్కుటమైనవి. కొన్ని చిప్పులకు ప్రక్కల కాళ్లుండవు. అడుగున సోల్డరు గుండ్లు వరుసలుగా ఉండును. అతికిన తరువాత ఆ అతుకులు కంటికిని కనబడవు, సూదికిని అందవు. ఇచ్చట వైద్యుని మార్గమే శరణ్యము. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచముతో ప్రారంభించిన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఆసుపత్రికి పోనివారు మనలో తక్కువ. అచ్చట ఎముక విరిగినదేమోనన్న అనుమానము కలిగినచో ఎక్స్‌రే తీయుదురు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఆ కిరణములే బోర్డుల కర్మాగారములోను చిప్పు అడుగున గుండ్లు సరిగా కరగినవా, కలసిపోయినవా, లోపల గాలిబుడగలున్నవా అని చూపును. కాని తలనొప్పి యన్న ప్రతివానికి వైద్యుడు ఎక్స్‌రే వ్రాయడు. అట్లే ఈ యంత్రము ఖరీదైనది, నెమ్మదియైనది గనుక అవసరమైన చోటనే వాడుదురు.

ఎక్స్‌రే ఆకారమును చూపునే గాని విద్యుత్తు పారుచున్నదా అని చెప్పదు. ఆ కొరతను తీర్చుటకు 1985లో కొన్ని సంస్థల ఇంజనీర్లు జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూపు అను పేర కూడి ఒక ఉపాయమును ఆలోచించిరి. 1990లో అది ఐ ట్రిపుల్ ఈ 1149.1 అను ప్రమాణముగా వెలువడినది. చిప్పును తయారుచేయునపుడే దాని ప్రతి కాలి వెనుక ఒక చిన్న గది వంటి సర్క్యూటును ఉంచి, ఆ గదులన్నిటిని గొలుసుగా కలుపుదురు. నాలుగు తీగలద్వారా వెలుపలినుండి ఆ గొలుసులోనికి ఒకట్లు, సున్నలు పంపవచ్చును. ఒక చిప్పు కాలినుండి ఒకటి పంపినచో, దానికి కలిపిన రెండవ చిప్పు కాలివద్ద అది చేరవలెను. చేరనిచో దారి తెగినది. చేరగూడని చోట చేరినచో షార్టు. సూది లేకయే చిప్పు తన అతుకులను తానే పరీక్షించుకొనుచున్నదన్నమాట. ఈ పద్ధతికి బౌండరీ స్కాన్ అని పేరు. అట్టి గదులుగల చిప్పును ముందే ఎన్నుకొనని ఇంజనీరుకు ఇది దక్కదు.

చివరిది పనిపరీక్ష, బోర్డు ఏ పనికై పుట్టినదో ఆ పనిని చేయించి చూచుట. దీనిని మన పెద్దలలో కొందరు కన్నులార చూచినవారే. 2019 ఆగస్టు 5న వేలూరు లోక్‌సభ స్థానమునకు ప్రత్యేకముగా పోలింగు జరిగినది. పోలింగునాటి ఉదయము, ఓటర్లు రాకముందు, ఏజెంట్ల యెదుట ఓటింగు యంత్రముపై కనీసము 50 ఓట్లు వేసి, లెక్క సరిచూచి, ఆ లెక్కను చెరిపి, సీలు వేయుట నియమము. దానిని మాదిరి పోలింగు అందురు. మేము పనిపరీక్ష అనునది అదియే. ఓటింగు యంత్రములను మొదటిసారి 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో వాడిరి. దేశమున వానిని తయారుచేయు సంస్థలు రెండు: బెంగుళూరు బి.ఇ.ఎల్., హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. రెండవది 1967లో అణుశక్తి శాఖ క్రింద వెలసినది. దానికి మూలపురుషుడు మన తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావు. ఆయన పేరనే హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగరు కలదు.

ఎన్నికలకు ముందు జిల్లాలలో ఈ సంస్థల ఇంజనీర్లు పార్టీల ప్రతినిధుల సమక్షమున మొదటి తనిఖీ జరుపుదురు. యంత్రములన్నిటిని పరీక్షించుటయే గాక, నూటికి 5 యంత్రములమీద దీర్ఘమైన మాదిరి పోలింగు నడుపుదురు: నూటికి ఒకదానిపై 1200 ఓట్లు, రెండింటిపై 1000 చొప్పున, రెండింటిపై 500 చొప్పున. అన్నిటికి చిన్న పరీక్ష, కొన్నిటికి పెద్ద పరీక్ష అను ఈ ఏర్పాటును మన విద్యార్థులు గమనింపవలెను. కాలమును, ధనమును, నమ్మకమును తూచి చేసిన ఎన్నిక అది.

పనిపరీక్షకును హద్దు కలదు. 50 ఓట్లు సరిగా లెక్కించిన యంత్రము ఆ గంటలో సరిగా పనిచేసినదని మాత్రమే రుజువైనది. లోపలి అతుకు ఏదైన సగము పట్టుతో నున్నదా అను ప్రశ్నను ఆ పరీక్ష అడుగలేదు. అట్టి ప్రశ్న ఏ యంత్రమునకైనను కర్మాగారములోనే అడుగవలసినది. మరియు పనిపరీక్షలో బోర్డు తప్పినచో తప్పినదని తెలియునే గాని ఏ భాగమువలన తప్పినదో తెలియదు. వెదకుటకు నేర్పరియైన మనిషి గంటలు వెచ్చింపవలెను. ఈ కారణముచేతనే చూపు, కొలత ముందును, పనిపరీక్ష వెనుకను జరుపుదురు. తప్పు ఒక్కొక్క మెట్టు దాటినకొలది దానిని సరిదిద్దు వ్యయము పదింతలగునని పరిశ్రమలో ఒక నానుడి కలదు. అది మోటు అంచనాయే. కాని ముద్ద పూసినపుడే తుడిచివేయగలిగిన తప్పును, ఆసుపత్రిలో రోగి ప్రక్కనున్న యంత్రమున వెదకవలసివచ్చినచో, దాని వెల రూపాయలలో చెప్పుట ఎవరితరము?

ఇక ఎన్నిక సంగతి. పది బోర్డులను మాత్రమే చేయువాడు కంటితో చూచి, ఎగురుసూదులతో కొలిచి, పని చేయించి చూచినచో చాలును. పిల్లల ఆటవస్తువులోని చౌకబోర్డును లక్షలకొలది చేయువానికి కెమెరాయు, పనిపరీక్షయు సరిపోవచ్చును. గుండె చప్పుడును కనిపెట్టు యంత్రపు బోర్డునకు పైవన్నియు కావలెను. ఆపై కొన్ని గంటలు వేడిలో నడిపి, బలహీనమైనవానిని ముందే రాలిపోనీయవలెను. ఐతే కర్మాగారములలో తరుచుగ జరుగు పొరపాటు వేరొకటి కలదు. బోర్డు గీయుట ముగిసి, కూర్పు ముగిసిన తరువాత, “దీనిని ఎట్లు పరీక్షింతము?” అని ఆలోచింప మొదలిడుదురు. అప్పటికి సూది ఆనుటకు రాగిచుక్క లేదు. గదులుగల చిప్పును ఎన్నుకొనలేదు. కెమెరా చూడవలసిన అతుకును పొడవైన భాగమొకటి మరుగుపరచినది. బోర్డును కాగితముమీద గీయుచున్ననాడే ప్రతి కూడలిప్రక్క ఒక చిన్న రాగిచుక్కను విడిచియుంచినచో ఈ చిక్కు ఉండదు. ఆ చుక్కకు అగు వ్యయము అత్యల్పము. అది లేకున్న సూదులపీట కొనినను నిరుపయోగమే.

ఈ క్రింది లెక్కలను చేసి మీ ఉపాధ్యాయులకు చూపుడు.

ఒక బోర్డునకు 800 అతుకులు. 20,000 అతుకులకు ఒకటి చెడును. 500 బోర్డులలో ఎన్ని చెడ్డ అతుకులుండునని ఎదురుచూడవచ్చును? కెమెరా పరీక్ష నూటికి 80 తప్పులను పట్టినచో ఎన్ని తప్పించుకొనిపోవును?

సూదులపీటకు 3,00,000 రూపాయలు, బోర్డునకు 4 రూపాయలు; ఎగురుసూదులకు 30,000 రూపాయలు, బోర్డునకు 58 రూపాయలు. ఏటికి 1500 బోర్డులు, మూడేండ్లు కావలెనని ఒక కొనుగోలుదారు చెప్పినాడు. ఏ పద్ధతి లాభము? నాలుగవ యేడును అన్నియే కావలెనన్నచో మీ సమాధానము మారునా?

తలక్రిందైన డయోడు, విలువ తప్పిన కెపాసిటరు, చిప్పు అడుగున కరగని సోల్డరు గుండు, పదింటిలో ఒకటి లేని కెపాసిటరు. వీనిలో ఒక్కొక్కదానిని ఏ పరీక్ష పట్టును, ఏది పట్టజాలదు? కారణము వ్రాయుడు.